పగులు కొస దగ్గర ఏ అంకెను నమ్మాలి?

ఫైనైట్ ఎలిమెంట్ రిపోర్టుల్లో, అంటే వస్తువును చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టి దాని లోపలి స్ట్రెస్‌ను, అంటే వైశాల్యం మీద పడే బలాన్ని మెగాపాస్కల్ (ఎంపీఏ)లలో కంప్యూటర్‌తో లెక్కగట్టే రిపోర్టుల్లో, ఇలాంటి వాక్యం తరచూ కనబడుతుంది: "గరిష్ఠ స్ట్రెస్ 447 ఎంపీఏ, పగులు కొస దగ్గర." సాఫ్ట్‌వేర్ సరిగ్గానే లెక్కగట్టి ఉండవచ్చు. అయినా ఆ వాక్యానికి అర్థం లేదు. అక్కడి ఎలిమెంట్ల సైజు సగానికి తగ్గించి మళ్లీ రన్ చేస్తే 632 వస్తుంది. ఇంకోసారి సగం చేస్తే 894. సగం చేసిన ప్రతిసారీ దాదాపు 1.41 రెట్లు పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. కొస నుంచి దూరం తగ్గేకొద్దీ స్ట్రెస్ ఆ దూరపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఆ రిపోర్టు రాసినవారు చెబుతున్నది వాళ్ల మెష్ (ఎలిమెంట్ల వల) ఎంత చిన్నదో మాత్రమే. ప్లేటు గురించి అందులో ఏమీ లేదు.

గాటు అడుగున ఎంతో కొంత వంపు ఉంటే సంగతి వేరు. అక్కడ గరిష్ఠ స్ట్రెస్ నిజంగా ఉంటుంది, మెష్ చక్కగా వేస్తే ఒక అంకె దగ్గర నిలబడుతుంది కూడా. పగులుకు, గాటుకు మధ్య ఉన్న ఈ తేడా మనసులో నాటుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది. అందుకే మొదట దాన్ని అంకెల్లో చూద్దాం.

బాగా వెడల్పయిన ఒక ప్లేటును 100 ఎంపీఏతో లాగుతున్నాం అనుకోండి. అందులో 10 మి.మీ. గుండ్రటి రంధ్రం ఉంటే దాని పక్కన స్ట్రెస్ 300 ఎంపీఏ. ఇది కిర్ష్ 1898లో ఇచ్చిన లెక్క. రంధ్రం 2 మి.మీ. అయినా 20 మి.మీ. అయినా అదే మూడు రెట్లు. 1913లో ఇంగ్లిస్ దీర్ఘవృత్తాకార రంధ్రానికి సూత్రం ఇచ్చాడు: స్ట్రెస్ ఎన్ని రెట్లు పెరుగుతుందో తెలియాలంటే రంధ్రం సగం పొడవును కొస వంపు వ్యాసార్ధంతో భాగించి, వర్గమూలం తీసి, రెండుతో గుణించి, ఒకటి కలపాలి. పొడవు అదే 10 మి.మీ. ఉంచి కొస వ్యాసార్ధం 0.1 మి.మీ. చేస్తే 15.1 రెట్లు, అంటే దాదాపు 1,514 ఎంపీఏ. వ్యాసార్ధం ఒక మైక్రాన్‌కు దించితే 142 రెట్లు, 14,000 ఎంపీఏ దాటిపోతుంది. మామూలు స్టీలు 500 ఎంపీఏ దగ్గర తెగుతుంది. ఈ లెక్క ప్రకారం సన్నటి పగులున్న ప్లేటు ఏదీ తన బరువైనా మోయకూడదు. నిజంలో అలాంటి ప్లేట్లు ఏళ్ల తరబడి పని చేస్తూనే ఉంటాయి.

ఈ చిక్కును గ్రిఫిత్ 1920 ప్రాంతంలో గాజు మీద ప్రయోగాలతో శక్తి లెక్కగా మార్చాడు. 1957లో ఇర్విన్ దాన్ని ఇంజినీర్ల చేతికి అందే రూపంలోకి తెచ్చాడు. కొస దగ్గర స్ట్రెస్ ఎంత అని అడగడం మానేసి, ఆ స్ట్రెస్ క్షేత్రం మొత్తం ఎంత బలంగా ఉందో చెప్పే ఒకే అంకెను తీసుకున్నాడు. అదే స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్, కె. మధ్యలో పగులున్న వెడల్పు ప్లేటుకు కె అంటే స్ట్రెస్ × √(పై × పగులు సగం పొడవు). మన ఉదాహరణలో పొడవును మీటర్లలో పెడితే 100 × √(3.1416 × 0.005) = 12.5 ఎంపీఏ√మీటర్. ఆ స్టీలు ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (చీలిపోకుండా తట్టుకోగల కె హద్దు) 50 అనుకుంటే, ఈ లోడు కింద ప్లేటు ఒక్కసారిగా చీలిపోదు. మెష్ ఎంత చిన్నదిగా వేసినా ఈ 12.5 మారదు. రిపోర్టులో రాయాల్సిన అంకె ఇదీ.

అయితే కె కూడా కొస చుట్టూ కొంత మేరకే చెల్లుతుంది. ఆ మేర ఎంతో తెలుసుకోవడానికి ఇదే ప్లేటు పనికొస్తుంది, దీనికి కచ్చితమైన సాధన ఉంది కాబట్టి. కొస నుంచి 0.1 మి.మీ. ముందు కె సూత్రం 500 ఎంపీఏ ఇస్తుంది, కచ్చితమైన విలువ 507. తేడా ఒకటిన్నర శాతం. 0.5 మి.మీ. దగ్గర కె సూత్రం 224 అంటుంది, కచ్చితమైనది 240. తేడా ఏడు శాతం. అంటే పగులు సగం పొడవులో పదో వంతు దూరం వరకే కె ఒక్కటీ క్షేత్రాన్ని నడిపిస్తోందని చెప్పుకోవచ్చు. లోపలి వైపు ఇంకో హద్దుంది. స్టీలు 350 ఎంపీఏ దగ్గర సాగడం మొదలుపెడితే (ఇదే ఈల్డ్ స్ట్రెస్) ఇర్విన్ అంచనా ప్రకారం పలుచటి ప్లేటులో ప్లాస్టిక్ జోన్ (లోహం తిరిగి రాకుండా సాగిపోయే మేర) 0.41 మి.మీ., మందపాటి ప్లేటు నడిమధ్యలో అందులో మూడో వంతు. అంటే ఈ లోడుకే పలుచటి ప్లేటులో ప్లాస్టిక్ జోన్ కె రాజ్యం అంచుకు దాదాపు చేరింది. లోడు ఇంకా పెంచితే కె మీద ఆధారపడటం తగ్గించి జె ఇంటిగ్రల్ (పగులు కొసకు చేరే శక్తిని కొలిచే అంకె, కింద మళ్లీ వస్తుంది) వైపు వెళ్లాలి. టఫ్‌నెస్ పరీక్షల్లో నమూనా మందం, పగులు పొడవు రెండూ కనీసం 2.5 × (కె ÷ ఈల్డ్ స్ట్రెస్)² ఉండాలని అడగడం వెనక ఉన్నది ఈ భయమే. ఇక్కడ అది 3.2 మి.మీ. అవుతుంది.

ఇక మెషింగ్. ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇదే కాబట్టి నింపాదిగా చెబుతాను.

వంపు ఉన్న గాటుకు కావలసింది లోతు దిశలో సన్నటి ఎలిమెంట్లు. గుండ్రటి రంధ్రం అంచు నుంచి వ్యాసార్ధంలో పదో వంతు లోపలికి వెళ్లేసరికి స్ట్రెస్ 19 శాతం పడిపోతుంది. అక్కడ ఎలిమెంట్ సైజు వ్యాసార్ధంలో సగం ఉంటే ఆ పతనం మొత్తం ఒకే ఎలిమెంట్‌లో కలిసిపోతుంది, శిఖరం కనిపించనే కనిపించదు. క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు (మూలల్లోనే కాక అంచుల మధ్యలోనూ నోడ్లు, అంటే లెక్క బిందువులు, ఉండేవి) వాడి, మొదటి వరుస లోతు వ్యాసార్ధంలో పదో వంతుకు మించకుండా, వంపు వెంబడి ఒక్కో ఎలిమెంట్ 10 నుంచి 15 డిగ్రీలకు మించకుండా వేస్తే సాధారణంగా సరిపోతుంది. తర్వాత ఆ ఒక్క ప్రాంతంలోనే మెష్ సగం చేసి చూడండి. గరిష్ఠ విలువ రెండు శాతం లోపే కదిలితే ఆపేయవచ్చు. ఇంకో పరీక్ష: నోడ్ల దగ్గర సగటు తీసిన స్ట్రెస్, సగటు తీయని స్ట్రెస్ రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా ఐదు శాతం దాటితే మెష్ ఇంకా ముతకగానే ఉంది.

స్ట్రెస్ లెక్కలు జరిగేది ఎలిమెంట్ లోపలి ఇంటిగ్రేషన్ పాయింట్ల దగ్గర. మనకు కావలసింది ఉపరితలం మీద. మధ్యలో జరిగే ఎక్స్‌ట్రాపొలేషన్‌లో (లోపలి విలువలను ఉపరితలం దాకా పొడిగించడంలో) శిఖరం కొంత తప్పిపోతుంది. దీనికో మంచి ఉపాయం ఉంది. గాటు అడుగు ఉపరితలం మీద అవే నోడ్లను వాడుకుంటూ అతి పలుచటి మెంబ్రేన్ ఎలిమెంట్ల పొర ఒకటి వేయాలి, మందం 0.001 మి.మీ. అంత. ఆ పొర ప్లేటు బిగువును మార్చదు. ఉపరితలం మీద స్ట్రెస్‌ను మాత్రం నేరుగా చదివి ఇస్తుంది. ఫెటీగ్ (లోడు పదేపదే పడి లోహం పగలడం) పని చేసేవాళ్లు దీన్ని అలవాటు చేసుకుంటే ఎంతో గొడవ తప్పుతుంది.

పగులు కొసకు పూర్తిగా వేరే ఏర్పాటు కావాలి. ఎనిమిది నోడ్ల ఎలిమెంట్ ఒక పక్కను ముడిచి త్రిభుజంగా చేసి, దాని కొన పగులు కొస మీద కూర్చోబెట్టాలి. కొస వైపు అంచుల మధ్య నోడ్లను మధ్యలో ఉంచకుండా, కొస నుంచి నాలుగో వంతు దూరానికి జరపాలి. ఇంతే. ఆ చిన్న జరుపుతో ఎలిమెంట్ లోపలి స్ట్రెయిన్ (పొడవుతో పోలిస్తే ఎంత సాగిందో చెప్పే నిష్పత్తి) దూరపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది, అంటే సరిగ్గా పగులు కోరుకునే తీరులో. 1975లో హెన్‌షెల్, షా, 1976లో బార్సూమ్ చూపించిన ఈ క్వార్టర్ పాయింట్ పద్ధతి అంత సులువుగా ఉండబట్టే అన్ని ప్యాకేజీల్లోకీ చేరింది. అదే 1975లో గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం, కొబయాషి, నకగాకి కలిసి ఇంకో దారిలో, కొస క్షేత్రాన్ని ఎలిమెంట్ సూత్రీకరణలోనే ఇమిడ్చే హైబ్రిడ్ ఎలిమెంట్‌ను తెచ్చారు. కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదైన ఆ కాలంలో ముతక మెష్‌తోనే మంచి కె రాబట్టడం చిన్న విషయం కాదు. ఈ రంగంలో పని చేసే తెలుగువాళ్లు ఆయన పని తప్పక చదవాలని నా కోరిక.

ఈ కొస ఎలిమెంట్ల పొడవు పగులు పొడవులో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు మధ్య ఉంచండి. కొస చుట్టూ ఒక్కో ఎలిమెంట్ 30 డిగ్రీలకు మించకూడదు. చుట్టూ గుండ్రంగా ఐదారు వరుసలు వేయండి, పక్కపక్క వరుసల సైజులో పెద్ద గెంతు లేకుండా. ఇక్కడ చాలామంది తొందరపడేది మధ్య నోడ్ల విషయంలో. మెష్ వేశాక సాఫ్ట్‌వేర్ ఆ నోడ్లను జ్యామితి మీదకు మళ్లీ సర్దేసి, తిరిగి మధ్యలో పెట్టేస్తుంది కొన్నిసార్లు. రన్ చేసే ముందు రెండు నోడ్ల అక్షాంకాలు తెరిచి చూసుకోవడం ఒక నిమిషం పని. సాగే లోహానికి ప్లాస్టిక్ విశ్లేషణ చేస్తుంటే అమరిక మారుతుంది: మధ్య నోడ్లు మధ్యలోనే ఉండాలి, కొస మీద ఒకే చోట పడిన నోడ్లను ఒకదానికొకటి కట్టేయకుండా వదిలేయాలి. అప్పుడు కొస మొద్దుబారడాన్ని మోడల్ చూపించగలుగుతుంది.

కె తీయడానికి జె ఇంటిగ్రల్ దారి నమ్మదగినది. 1968లో రైస్ ఇచ్చిన ఈ ఇంటిగ్రల్ కొస చుట్టూ ఏ దారిలో తిరిగినా ఒకే విలువ ఇస్తుంది. అందుకే కొస దగ్గరి ముతకతనం దాన్ని పెద్దగా చెడగొట్టదు. ఐదారు వలయాల మీద లెక్కించి, మొదటి ఒకటి రెండింటిని వదిలేయండి. మిగతావి ఒకటి రెండు శాతం లోపే కలవాలి. ఎలాస్టిక్ లెక్కలో అవి కలవకపోతే ఎక్కడో తప్పుందన్నమాట. పగులు సాగే దిశను తప్పుగా ఇచ్చి ఉంటారు. వలయం వేరే రంధ్రాన్నో అంచునో తాకి ఉంటుంది. పగులు ముఖాల మీద ప్రెషర్ ఉండీ దాన్ని లెక్కలో కలపకపోయి ఉంటారు. లేదా ఉష్ణోగ్రత తేడాల భాగాన్ని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోయి ఉంటారు. సగం మోడలే వేస్తే జె కూడా సగమే వస్తుంది. కొన్ని ప్యాకేజీలు దాన్ని తామే రెట్టింపు చేస్తాయి, కొన్నిటికి చెప్పాలి. ఇది మరిచిపోతే కె దాదాపు 30 శాతం తక్కువ చూపిస్తుంది. ప్రమాదం ఉన్న వైపే తప్పు.

జె నుంచి కె తీసేటప్పుడు ప్లేన్ స్ట్రెయిన్ (మందపాటి ప్లేటు నడిమధ్య స్థితి) అయితే 'ఈ'ని, అంటే లోహపు ఎలాస్టిక్ మాడ్యులస్‌ను, (1 − న్యూ²)తో భాగించి వాడాలి; న్యూ అంటే పాయిజన్ నిష్పత్తి. స్టీలుకు ఈ ఒక్క ఎంపికతో కెలో ఐదు శాతం తేడా వస్తుంది. ఇక యూనిట్లు. మోడల్ మి.మీ.లో ఉంటే కె ఎంపీఏ√మి.మీ.లో వస్తుంది. దాన్ని 31.6తో భాగిస్తేనే ఎంపీఏ√మీటర్ అవుతుంది. కె 396 అని వచ్చిందని కంగారుపడేముందు ఈ భాగహారం చేయండి, అది మన 12.5.

జె మీద అనుమానం వస్తే పగులు ముఖాలు విచ్చుకున్న దూరంతో సరిచూడవచ్చు. కొస నుంచి కొంచెం వెనక్కి, ఒక ముఖం పైకి లేచిన దూరం = 4 × (కె ÷ ఈ) × √(కొస నుంచి దూరం ÷ 2పై). నాలుగైదు నోడ్ల దగ్గర ఇలా కె తీసి, గ్రాఫు గీసి, కొస వరకు గీతను పొడిగించండి. జె ఇచ్చినదానికి మూడు శాతం లోపే రావాలి. ఈ మాత్రం పని లేకుండా కె రిపోర్టు చేయకూడదు. కొత్త మోడల్ ఏదైనా మొదట తెలిసిన లెక్క మీద నడిపించడం నా నియమం: 100 మి.మీ. వెడల్పు ప్లేటు, మధ్యలో 10 మి.మీ. పగులు, 100 ఎంపీఏ. వెడల్పు సవరణ √సెకంట్(9 డిగ్రీలు), అంటే 1.006. జవాబు 12.6 రావాలి.

పగులూ కాని, వంపూ లేని చోట్లు మూడో రకం. మోడల్‌లో 90 డిగ్రీల లోపలి మూల, వంపు వేయకుండా వదిలేసింది. 1952లో విలియమ్స్ లెక్కగట్టినట్టు అక్కడ కూడా స్ట్రెస్ అనంతానికే పోతుంది, కాకపోతే కొంచెం మెల్లగా: ఘాతం 0.5 బదులు 0.4555. కోణం విప్పారే కొద్దీ ఘాతం తగ్గుతుంది. మెష్ సగం చేసినప్పుడు అంకె 1.41 బదులు 1.37 రెట్లు పెరుగుతుంది కాబట్టి ఇక్కడా గరిష్ఠ స్ట్రెస్ రాయడం దండగ. నిజం వస్తువులో వంపు ఉంటే దాన్ని మోడల్‌లో పెట్టండి. వెల్డు అంచయితే ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వెల్డింగ్ పద్ధతులు రెండున్నాయి. ఒకటి, అంచు నుంచి మందంలో 0.4 వంతు దూరంలోనూ, పూర్తి మందం దూరంలోనూ స్ట్రెస్ చదివి, మొదటిదాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి తీసివేయడం. రెండు, ప్లేటు 5 మి.మీ. లేదా అంతకంటే మందంగా ఉంటే వెల్డు అంచుకు 1 మి.మీ. ఊహా వ్యాసార్ధం ఇచ్చి, అక్కడ 0.25 మి.మీ.కి మించని క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు వేసి, వచ్చిన స్ట్రెస్ తేడాను స్టీలుకు ఫ్యాట్ 225 అనే ఫెటీగ్ ఆయుష్షు వక్రంతో పోల్చడం. రెండు పద్ధతుల అంకెలను కలగలపకూడదు. ఒకదాని స్ట్రెస్ తీసుకుని ఇంకోదాని వక్రం మీద పెడితే ఆయుష్షు ఎన్నో రెట్లు తప్పు వస్తుంది.

ఫెటీగ్‌లో గాటు పూర్తి ప్రభావం చూపదు. 0.1 మి.మీ. కొసకు 15 రెట్లు అన్నాం కదా, 500 ఎంపీఏ స్టీలులో పీటర్సన్ సూత్రంతో అంచనా వేస్తే ఫెటీగ్ మీద దాని దెబ్బ నాలుగు రెట్ల పైచిలుకే. స్ట్రెస్ అంత ఎత్తున ఉన్న మేర మరీ చిన్నది కాబట్టి లోహానికి అది పూర్తిగా తెలియదు. అసలు ముప్పు గాటు అడుగున పుట్టిన చిన్న పగులుతో. అది పుట్టినప్పుడు గాటు పెంచిన స్ట్రెస్‌లో ఉంటుంది. కాస్త పెరిగాక గాటు లోతు కూడా తన పొడవే అయినట్టు ప్రవర్తిస్తుంది. ఈ మార్పు జరిగే లోతును స్మిత్, మిల్లర్ 1977లో 0.13 × √(గాటు లోతు × వ్యాసార్ధం) అని అంచనా వేశారు. 5 మి.మీ. లోతు, 1 మి.మీ. వ్యాసార్ధం ఉన్న గాటుకు అది 0.29 మి.మీ. తనిఖీలో కంటికి ఆనే పగులు ఏదైనా ఆ హద్దు దాటేసినట్టే. కాబట్టి దానికి కె కట్టేటప్పుడు గాటు లోతును కూడా కలిపి కొలవాలి.

గాటు అడుగున లోహం ఒకసారి సాగితే లోడు తీశాక అక్కడ నొక్కుడు స్ట్రెస్ మిగులుతుంది. ఇది ఎంత మోసం చేయగలదో బ్రిటన్‌లో తయారైన కామెట్ జెట్ ప్రయాణికుల విమానాలు చూపించాయి. 1954 జనవరి 10న ఎల్బా దగ్గర, ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర రెండు కామెట్లు గాలిలోనే విచ్చిపోయాయి. మొదటిది 1,290, రెండోది 900 సార్లు ప్రెషర్‌తో ఎగిరాయి, అంతే. అంతకుముందు ఫెటీగ్ పరీక్షకు పెట్టిన క్యాబిన్ భాగం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ సైకిళ్లు తట్టుకుంది. కారణం, అదే భాగం మీద ముందుగా మామూలు ప్రెషర్‌కు రెట్టింపు వేసి బలం పరీక్షించారు. కిటికీ మూలల్లో, రంధ్రాల అంచుల్లో లోహం సాగి, ఆ నొక్కుడు స్ట్రెస్ పగుళ్లను ఆపి ఉంచింది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో నీళ్ల ట్యాంకులో పెట్టిన ఇంకో కామెట్ 1,221 నిజం ప్రయాణాలు, 1,836 నకిలీ ప్రయాణాలు కలిపి 3,057 దగ్గర చీలింది. ఫెటీగ్ నమూనా మీద ముందు ఓవర్‌లోడ్ పరీక్ష చేశారా అని అడగడం ఇప్పటికీ మొదటి ప్రశ్నగా ఉండాలి.

లెక్కను ప్లేటు మీద సరిచూడాలంటే ఒక్క స్ట్రెయిన్ గేజ్ (అతికించి సాగుదలను కొలిచే చిన్న పట్టీ) చాలు. డాలీ, శాన్‌ఫర్డ్ 1987లో చూపించిన పద్ధతి ఇది. అల్యూమినియంకు పగులు గీత నుంచి 60 డిగ్రీల కోణంలో, కొస నుంచి సూటిగా బయటికి చూసేలా గేజ్ అతికించాలి. స్టీలుకు గేజ్ ఉండే చోటు 65 డిగ్రీలు, గేజ్ వాలు 61. అల్యూమినియంకు కె = ఈ × స్ట్రెయిన్ × √(8 × పై × దూరం ÷ 3). 5 మి.మీ. దూరంలో గేజ్ పెడితే, కె 20 ఉన్నప్పుడు దాదాపు 1,400 మైక్రోస్ట్రెయిన్ (పది లక్షల్లో 1,400 వంతుల సాగుదల) చదవాలి. దూరం ప్లేటు మందంలో సగానికి తగ్గకూడదు. అంతకంటే దగ్గరగా వెళ్తే స్ట్రెస్ మూడు దిశల్లోనూ మారుతూ సూత్రం చెల్లదు. గేజ్ పొడవు 1 మి.మీ. దగ్గరలో ఉండాలి. కొస ఎక్కడుందో అర మిల్లీమీటరు తప్పు పట్టినా కె ఐదు శాతం తప్పుతుంది. కాబట్టి భూతద్దంతో కొసను గుర్తించాకే జిగురు తీయండి.

చివరిగా, పగులు కొసకు రంధ్రం వేసి ఆపడం. కొస వ్యాసార్ధం సున్నా నుంచి కొన్ని మిల్లీమీటర్లకు పెరుగుతుంది కాబట్టి ఇది పని చేస్తుంది. కానీ రంధ్రం పగులును పొడిగిస్తుంది కూడా. 40 మి.మీ. పగులు రెండు కొసల మీద 10 మి.మీ. రంధ్రాలు వేస్తే, 60 ఎంపీఏ లోడు మార్పుకు అంచు దగ్గర దాదాపు 330 ఎంపీఏ. అదే 20 మి.మీ. రంధ్రాలతో 270. సైజు రెట్టింపయినా లాభం 18 శాతమే, మామూలు స్టీలుకు రెండూ ఎక్కువే. అందుకే ఇది అసలు మరమ్మతు జరిగేదాకా కాలం సంపాదించే పని. మందపాటి ప్లేటులో పగులు మధ్యలో ముందుకు పాకి ఉంటుంది, ఉపరితలం మీద కనబడే కొస అసలు కొస కంటే వెనకే ఉంటుంది. కనబడే కొస మీద రంధ్రం కేంద్రం పెట్టకుండా, రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరపండి. డ్రిల్ చేశాక రీమర్‌తో లోపలి గోడ నునుపు చేసి, రెండు పక్కలా అంచు బర్ (డ్రిల్ వదిలిన గరుకు) తీసేసి, డై పెనిట్రెంట్ పరీక్ష (పగుళ్లలోకి ఇంకిన ఎర్ర రంగుతో వాటిని చూపేది) రంధ్రం లోపలి గోడ మీద చేయండి. పగులు వచ్చిన వైపు ఎర్ర గీత ఉండటం మామూలే. ఎదుటి గోడ మీద కూడా గీత తేలితే కొస ఇంకా ముందే ఉంది, రంధ్రాన్ని పెద్దది చేసి మళ్లీ పరీక్షించాలి.